కొసరుగా వచ్చిన మనిషి

ఆస్ట్రేలియా ఉత్తరపు సముద్రంలో, తుఫాన్ల కాలంలో, బుర్రున్నవాళ్ళెవరూ ఎక్కని ఓడని సగం ధరకి బేరమాడి మరీ ఎక్కినదాన్ని నేను. సిడ్నీ హారిస్ పార్క్‌లో మనవాళ్ళ కూరగాయల కొట్లో బెండకాయల దగ్గర ఎదురైన ప్రతి తెలుగు మొహానికీ ఈ సంగతి చెప్పుకున్నాను. చెప్పినప్పుడల్లా గొంతు కొంచెం పెంచాను.

కెయిన్స్‌లో బయల్దేరి వారం పాటు దీవుల వెంట తిరిగే చిన్న ఓడ అది. పక్షుల్నీ తాబేళ్ళనీ పగడాల దిబ్బల్నీ చూపిస్తారు, రబ్బరు పడవల్లో దీవుల మీదికి తీసుకెళ్తారు, నీళ్ళలో దింపి చేపల మధ్య ఈదిస్తారు. మామూలు నెలల్లో దాని ధర వింటే ఓడ ఎక్కకముందే కళ్ళు తిరుగుతాయి. నేను ఫోన్ చేసి, ధర విని, వద్దులెమ్మని పెట్టేశాను. మళ్ళీ చేసి మళ్ళీ పెట్టేశాను. తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టు మాది. బేరమాడేవాళ్ళు మెట్టు దిగాలి, చెప్పుల్లో కాళ్ళు పెట్టాలి, వెనక్కి మాత్రం చూడకూడదు, పిలుపు దానంతటదే వస్తుంది అనేవాడు మా నాన్న. గల్లాపెట్టె వైపు కూర్చుని ఎంతమందిని వెనక్కి పిలిచాడో ఆయనకే తెలియాలి. ఆస్ట్రేలియాలో కూడా ఆ పిలుపు వస్తుంది, కాస్త ఆలస్యంగా.

వచ్చిన పిలుపులో ఆ అమ్మాయి, "ఇంకో లేడీతో క్యాబిన్ పంచుకుంటారా? అయితే ఇంకా తగ్గుతుంది" అంది. సరేనన్నాను. గిన్నె కొనేటప్పుడు బోర్లించి అడుగు మందం చూడకుండా చెయ్యి వెయ్యనిదాన్ని, ఆ లేడీ వెంట ఇంకెవరన్నా ఉన్నారా అని అడగడం మర్చిపోయాను.

ఉన్నారు. నాలుగేళ్ళ మనవరాలు.

ఈమధ్య ఆ లేడీ పోయారని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. దాంతో ఒక ఫోటో. ఒళ్ళంతా కప్పిన నీలం రంగు ఈత సూటు, తలకి ముసుగు, నుదుటి మీదికి జరిపిన మాస్కు, వెనకాల సముద్రం. 'గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఈతకొట్టిన మా అమ్మ. జీవితాన్ని నిండా జీవించింది' అని కింద ఇంగ్లీషులో రాశాడు కొడుకు. ఆ ఫోటో తీస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆవిడ గురించి రాయాలని కూర్చోవడానికి కారణం ఆ ఫోటోయే.

ఆవిడ పేరు చెప్పను. ఓడలో ఎవరూ ఆవిడని పేరుతో పిలవలేదు కూడా. కొడుక్కి అమ్మ, కోడలికి అత్తయ్య, పిల్లకి నానమ్మ, నాకు ఆంటీ, ఓడవాళ్ళకి గ్రాండ్మా.

మా క్యాబిన్ అట్టడుగు అంతస్తులో. ఉన్న ఒక్క గుండ్రటి కిటికీలో సగంసేపు ఆకాశం, సగంసేపు బట్టలుతికే మిషను లోపల ఎలా ఉంటుందో అది. మొదటిరోజు నేను తలుపు తీసేసరికి ఆవిడ మంచం అంచున, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి కూర్చుని ఉంది. బస్సొస్తే చటుక్కున లేచేటట్టు. వారమంతా ఆవిడ ఎక్కడ కూర్చున్నా అంతే, ఏ కుర్చీకీ వీపు ఆనించగా నేను చూడలేదు. పిల్ల మూడో మంచం మీద ఎగురుతోంది.

నా మొహం చూసి ఆవిడే అంది, "ఒక్క మనిషేనని చెప్పారా నీకు?"

"ఒక లేడీ అన్నారండీ."

"అబద్ధం కాదులే. ఇది ఇంకా లేడీ అవ్వలేదు." పిల్లని ఒక చేత్తో పట్టి కూర్చోబెట్టింది. "మా వాడికీ కోడలికీ పై అంతస్తులో పెద్ద కిటికీ ఉన్న గది. పిల్ల పుట్టాక ఇద్దరూ కలిసి ఎక్కడికెళ్ళారు గనక, పోనీ. మీ వాళ్ళేం చేస్తుంటారు?"

చెప్పాను.

"మరింకేం. బిందె కొంటే గరిటె ఇవ్వరూ మీ కొట్లో, కొసరని? ఫ్యామిలీ టికెట్టు కొంటే పిల్లని చూసుకునే ముసల్ది ఆ రేటుకే వస్తుందన్నారంట. ఆ గరిటెని నేను."

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. మా కొట్లో కొసరు గరిటె అంటే మామూలుగా ఎవరూ కొనకుండా మిగిలిపోయిన సరుకు.

కొడుకూ కోడలూ చెడ్డవాళ్ళని రాస్తే నాకు పని తేలికయ్యేది. కాదు. బ్రిస్బేన్ దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఇల్లు, ఇద్దరికీ ఉద్యోగాలు, ఇద్దరి కళ్ళ కిందా నిద్రలేని నలుపు. కొడుకు పొద్దున్నే దిగొచ్చి, "అమ్మా, నిద్రపట్టిందా? టాబ్లెట్ వేసుకున్నావా?" అని అడిగి, నెత్తిన టోపీ సరిచేసి వెళ్ళేవాడు. కోడలు పిల్లకి కార్టూన్లు పెట్టిన ట్యాబ్ ఇచ్చి, "అత్తయ్యా, మీరూ రెస్ట్ తీసుకోండి" అనేది. ఆవిడకి ఏం కావాలో తప్ప మిగతావన్నీ అడిగేవాళ్ళు.

రోజూ పొద్దున ఒకటే తంతు. రబ్బరు పడవ ఓడ వెనక మెట్లకి ఆనుకునేది. అందరూ లైఫ్ జాకెట్లు బిగించుకుని వరసలో నిలబడేవాళ్ళు. చిన్నపిల్లల్ని రీఫ్‌కి, అంటే పగడాల దిబ్బలకి, వెళ్ళే పడవ ఎక్కనివ్వరు. దీవి మీదికి రానిస్తారు గానీ అక్కడ ఇసుక దోమలు. అందుకని పిల్లతో ఆవిడ ఓడలోనే. గైడు పిల్ల, ఎండకి జుట్టు గడ్డి రంగుకి తిరిగిన తెల్లమ్మాయి, రోజూ ఆవిడని పేరుపెట్టి పిలిచినంత ప్రేమగా, "గ్రాండ్మా, కమింగ్?" అనేది. "నెక్స్ట్ టైమ్" అనేది ఆవిడ. పడవ కనుమరుగయ్యాక నాతో తెలుగులో, "అడిగింది, చాల్లే" అనేది.

అది ఆవిడ ఊతపదం. ఐస్‌క్రీమ్ తెస్తారా అంటే "అడిగావు, చాలు." కిటికీ పక్క సీటు మీకిస్తాను అంటే "అడిగావు, చాలు." మొదట్లో మర్యాద అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆవిడకి అది నిజంగానే భోజనం.

మూడు రోజులు సముద్రం నన్ను ఆడుకుంది. అల్లం మాత్రలు మింగుతూ, చవగ్గా కొన్నదాన్ని పూర్తిగా వాడుకోలేకపోతున్నానే అన్న బాధతో డెక్ మీద ఆవిడ పక్కనే పడి ఉన్నాను. అలా ఆవిడ కళ్ళతో ఆ దీవుల్ని చూశాను. సాయంత్రాలు తెల్ల పావురాలు గుంపులు గుంపులుగా నీళ్ళమీద తక్కువ ఎత్తులో దీవులకి ఎగిరొచ్చేవి. పగలు తీరంలో అడవి పళ్ళు తిని, రాత్రికి దీవిలో గూళ్ళ దగ్గరికి వస్తాయట. "పాపం, వీటికీ రానూపోనూ డ్యూటీలే" అంది. మడచెట్ల దీవి దగ్గర మొసలి కనబడిందని జనం కెమెరాలతో ఒక పక్కకి ఒరిగితే, ఆవిడ కదలకుండా, "ఇంతమంది చూస్తుంటే అదేం తింటుంది" అంది. అడుగున అద్దం ఉన్న పడవలో ఒకసారి పిల్లని కూడా ఎక్కించుకున్నారు. గైడు పిల్ల చిలకముక్కు చేప, సీతాకోకచేప అని వర్ణిస్తుంటే ఆవిడ నా చెవిలో, "అది ముళ్ళ కంప. ఇది పులుసుకి బాగుంటుంది. ఆ చారల్ది వేపుడికి తప్ప దేనికీ పనికిరాదు" అంటూ వచ్చింది. ఒకచోట అద్దం కింద పగడాలు తెల్లగా ఉన్నాయి. గైడు పిల్ల గొంతు తగ్గించి, నీళ్ళు వేడెక్కి ఇలా అయ్యాయని చెప్పింది. ఆంటీ చాలాసేపు చూసి, "సున్నం కొట్టిన ఇల్లులా ఉంది. లోపల ఎవరూ లేరు" అంది.

నాలుగోరోజు వాన. పిల్ల పడుకుంది. ఓడ పక్కనే ఒక తాబేలు తల పైకెత్తి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మునిగింది. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ మీద చేతులు బిగించి, "దిగాలనుందమ్మాయ్" అంది.

"దీవి మీదికా?"

"నీళ్ళలోకి."

నేను ఆవిడ వయసూ మోకాళ్ళూ చూసిన చూపు ఆవిడ చూసింది.

"నర్సాపురం పక్కన కాలవ గట్టు మాది. నా అంత వేగంగా అవతలొడ్డుకి మగపిల్లలు కూడా వెళ్ళేవాళ్ళు కాదు. పెద్దమనిషినయ్యాక మానిపించారు. తర్వాత పెళ్ళి, తర్వాత వీడు. మా వాడికి తెలీదు నాకు ఈతొచ్చని."

"ఎందుకు చెప్పలేదు?"

"అడగందే ఏం చెప్తాం? వాడికి స్విమ్మింగ్ క్లాసుల ఫీజు మాత్రం నేనే కట్టాను."

అమ్మేవాడి మాట మీద సరుకు కొనకూడదని పెరిగినదాన్ని కదా, పరీక్షించాను. కాలవ దాటేటప్పుడు ఎలా ఈదుతారు, తిన్నగానేనా అన్నాను. ఆవిడ నావైపు జాలిగా చూసింది. "తిన్నగా ఈదితే మైలు దిగువన తేలతావ్. నీరు ఎటునుంచి వస్తుందో అటు చూసి ఈదాలి. అప్పుడు ఎదురొడ్డుకి తగుల్తావు." అంటూనే కుడిచెయ్యి వేళ్ళు దగ్గరగా చేర్చి గాలిని ఒక కోత కోసింది. అరచెయ్యి లోపలికి వెళ్ళేటప్పుడు పల్చగా, వెనక్కి నెట్టేటప్పుడు వెడల్పుగా. ఆ చెయ్యికి ఈతొచ్చు. నేను బేరంలోకి దిగాను.

గైడు పిల్ల తేలిగ్గానే ఒప్పుకుంది. గుండె సంగతి, ఆయాసం సంగతి ఆవిడనే అడిగి తెలుసుకుంది. ఓడ వెనక నీళ్ళు కదలని చోట, పక్కన తను, చేతికి తేలే రింగు. జెల్లీచేపల కాలం కనక సూటు తప్పనిసరి, అది ఓడలోనే అద్దెకి దొరుకుతుంది. పిల్లని నేను పట్టుకోవాలి. నాకు పిల్లలంటే ఉన్న భయం ఆంటీకి తెలుసు.

"ఏడిస్తే ఏం చేస్తావ్?"

"చక్కెర పొట్లాలిస్తాను." ఓడ టీ బల్ల మీది చక్కెర పొట్లాలు ఆవిడ బ్యాగులో సగం ఉన్నాయి.

"మీ అబ్బాయికి ఒక మాట చెబుదామాండీ?"

"వద్దు. అడిగితే కాదంటాడు. కాదన్నాక దిగితే గొడవ. అడక్కుండా దిగితే అయిపోయిన పని. అయిపోయినదాన్ని ఎవడాపుతాడు?"

మా బజారులో అంత తెలివైన మాట ఎవరూ అనలేదు. అన్ని పక్షాలూ ఒప్పుకున్న బేరం అనుకుని ఆ పూట నేను కడుపునిండా తిన్నాను.

చివరిరోజుకి ముందురోజు ఓడ ఒక ఇసుకదిబ్బ దగ్గర ఆగింది. చెట్టన్నది లేదు, అంతా పక్షుల అరుపులే. నీళ్ళు కొత్త స్టీలు పళ్ళెంలా ఉన్నాయి. కొడుకూ కోడలూ అందరితో పాటు దూరపు రీఫ్‌కి వెళ్ళారు, భోజనాల వేళకి గానీ రారు. నేను పిల్లని డెక్ మీద పట్టుకుని కూర్చున్నాను. గైడు పిల్ల రింగు పట్టుకుని కింద మెట్టు దగ్గర నీళ్ళలో నిలబడింది.

ఆంటీ వచ్చింది. కాలి మడమ నుంచి నెత్తి దాకా నీలం. ముసుగులోంచి మొహం ఒక్కటే, నుదుటి మీద మాస్కు. భుజానికి హ్యాండ్‌బ్యాగ్.

"బ్యాగెందుకాంటీ?"

"అలవాటు." ఆవిడ తనని తాను ఒకసారి కిందికి చూసుకుంది. "ఎవడు కనిపెట్టాడో గానీ ఈ బట్ట మన ఆడాళ్ళ కోసమే. అప్పట్లో ఇది ఉంటే మా అమ్మ నన్ను మానిపించేదే కాదు."

ఆ కాస్సేపూ ఆవిడ నడక వేరు. ఆ వారంలో మొదటిసారి బస్సు కోసం ఎదురుచూస్తున్న మనిషిలా లేదు. పై మెట్టు మీద ఆగి, బ్యాగు భుజం నుంచి తీసి నాకివ్వబోయింది.

అప్పుడే పడవ చప్పుడు. రీఫ్ దగ్గర కోడలికి వాంతులై, ఆకాశం నల్లబడుతోందని అందర్నీ ముందే వెనక్కి తెచ్చేశారు. పడవ మెట్లకి ఆనింది. కొడుకు తల పైకెత్తాడు.

"అమ్మా! ఏంటిది! ఓ మై గాడ్! కదలకు, కదలకు!" తడిచేత్తో ఫోన్ తీశాడు. నిజం చెప్పాలి, వాడి మొహంలో ఎంత సంతోషమో. "సూపరమ్మా! ఇటు చూడు. థమ్సప్ చూపించు."

ఆవిడ బొటనవేలు ఎత్తింది. పడవలోవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎవరో "గో గ్రాండ్మా!" అని అరిచారు. ముసుగులో నానమ్మని పోల్చుకోలేక పిల్ల నా చేతుల్లోంచి జారి, "ఐ డోంట్ లైక్ ఇట్! టేకిట్ ఆఫ్!" అని ఏడుపు లంకించుకుంది.

కొడుకు పైకొచ్చి తల్లి భుజం చుట్టూ చెయ్యి వేశాడు. "అదిరిపోయిందమ్మా ఫోటో. అయిపోయిందిగా, ఇంక తీసెయ్, ఉక్కపోస్తుంది. పాప కూడా భయపడుతోంది."

ఆవిడ సూటు వేసుకున్నది ఫోటో కోసం కాక ఇంకెందుకనేది వాడికి తట్టలేదు.

"ఫోటోకి కాదు బాబూ. దిగబోతున్నారు. మీ అమ్మగారికి ఈతొచ్చు" అన్నాను.

వాడు నవ్వాడు. "అమ్మకా? మీతో జోకేసుంటుంది ఆంటీ. మా ఇంట్లో బాత్‌టబ్బంటేనే భయపడుద్ది." తల్లి వైపు తిరిగాడు. "ఏంటమ్మా, ఈతొచ్చంట నీకు?"

పడవలోవాళ్ళంతా చూస్తున్నారు. కింద గైడు పిల్ల రింగు పట్టుకుని చూస్తోంది. పై మెట్టుకీ నీళ్ళకీ మధ్య ఒక మనిషి ఎత్తు కూడా లేదు.

ఆంటీ కొడుకు వైపు చూడలేదు. నీళ్ళనే చూస్తూ, "ఊరికే అన్నాన్లేరా, సరదాకి" అంది. ముసుగు వెనక్కి లాగేసి పిల్లని ఎత్తుకుంది. వాడు తువ్వాలుతో తల తుడుచుకుంటూ భోజనానికి వెళ్ళాడు. వాన మొదలైంది.

క్యాబిన్‌లోకి వచ్చాక నేను ఊరుకోలేదు. "కళ్ళెదురుగా నీళ్ళు పెట్టుకుని అంత అబద్ధమా ఆంటీ? అడిగాడుగా! ఎప్పుడూ అడగలేదన్నారు. అడిగాడుగా!"

ఆవిడ సూటు విప్పి మంచం మీద పరిచి, చేతులు లోపలికి మడిచి, నిలువునా మడిచి, అడ్డంగా మడిచి, కొట్లో కొత్తచీర మడిచినట్టు మడత పెడుతోంది.

"వాడడిగింది వచ్చా అని కాదమ్మాయ్. రాదు కదా అని." ఇంకో మడత వేసింది. "వచ్చంటే నిరూపించమంటాడు. ఫోను పట్టుకుని నిలబడతాడు. నేను ఈదుదామనుకున్నాను గానీ, అంతమంది ముందు పరీక్ష రాద్దామనుకోలేదు."

రేపు పొద్దున ఇంకోసారి ప్రయత్నిద్దామా అన్నాను. ఆవిడ సూటు నా చేతిలో పెట్టింది.

"అడిగావు, చాల్లే."

స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో వాళ్ళ చర్చి హాల్లో జరిగిన జ్ఞాపక ప్రార్థనకి వెళ్ళాను. సిడ్నీ నుంచి తెల్లవారుజామున బయల్దేరే చవక విమానంలో. పెద్ద టీవీలో ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి, నీలం సూటుది మాత్రం మళ్ళీ మళ్ళీ. పెద్ద తెర మీద చూస్తే అర్థమైంది, ఫోటోని ఒక పక్క కత్తిరించారు. ఈదబోయే మనిషి చేతిలో హ్యాండ్‌బ్యాగ్ ఉండదు కదా.

కొడుకు సగానికి చిక్కిపోయాడు. నన్ను చూడగానే గట్టిగా పట్టుకుని ఏడ్చాడు. "మీరున్నారుగా ఆంటీ ఆ రోజు. అమ్మ ఈత గురించి రెండు మాటలు చెప్పండి. పాప అందరికీ చెప్తోంది, మా నానమ్మ తాబేళ్ళతో ఈదిందని." వాడు నాటకమాడటం లేదు. ఎన్నిసార్లు చూసుకున్నాడో ఆ ఫోటోని, వాడి కళ్ళముందు ఆవిడ మెట్లు దిగేసింది.

మైకు ముందు నిలబడ్డాను. ఏ నిజానికి ఎంత గిరాకీ ఉందో లెక్కవేసే బుర్ర నాది. ఒకే ఒక్కటి అమ్ముడుపోయేలా కనిపించింది.

"ఆవిడకి ఈతొచ్చు" అన్నాను. "చిన్నప్పుడు నర్సాపురం కాలవలో నేర్చుకున్నారు. నీరు వచ్చే వైపు చూసి ఈదితేనే ఎదురొడ్డుకి తగుల్తామని నాకు చెప్పారు."

అందరూ తలలూపారు. కొడుకు కళ్ళు తుడుచుకుంటూ, "అవునాంటీ, ఫోటో ఉందిగా" అన్నాడు.

ఇక ఓడ బిల్లు సంగతి. చివరిరోజు పొద్దున కౌంటర్ దగ్గర క్యాబిన్ల వారీగా లెక్కలు తేల్చారు. ఆంటీ అప్పటికే పిల్లకి చెప్పులు తొడుగుతూ రేవు గట్టు మీద ఉంది, ఒళ్ళో బ్యాగుతో. మా క్యాబిన్ కాగితం మీద నా అల్లం మాత్రలున్నాయి, నేను తాగలేదని వాదించి గెలిచిన జింజర్ బీర్ ఉంది, కింద 'ఈత సూటు, ఒకటి, ఒక రోజు' అని ఉంది. ఆ వరుస దగ్గర నేను నోరెత్తలేదు. కట్టేద్దామనుకున్నాను. కట్టేస్తే ఎక్కడో ఒక కాగితం మీదన్నా ఆవిడ దిగినట్టు ఉంటుంది.

కౌంటర్ దగ్గరి అమ్మాయి నేనిచ్చిన సూటు అందుకుని, మడత విప్పి, లోపల చెయ్యి పెట్టి చూసింది.

"ఇది తడవనే లేదే! నీళ్ళలోకి దిగలేదా? అయితే అద్దె లేదు డియర్" అని, పెన్నుతో ఆ వరుస కొట్టేసి, కొత్త మొత్తం నా వైపు తిప్పింది.

లెక్కలో సెంటు తేడా లేదు. పుట్టి బుద్ధెరిగాక నేను అడక్కుండా తగ్గిన బిల్లు అదొక్కటే.